నీళ్లలో ఆగిపోతుందా?

"జ్వరమని చెప్పేశాను. ఇక ఆ ఊసు వదిలెయ్," అంది అత్తగారు, ఇస్త్రీ పెట్టెను చొక్కా కాలరు మీంచి ఎత్తకుండానే.

కోడలు భుజం మీది సంచీ ఇంకా దింపలేదు. రోజంతా లాబ్‌లో సీసాల్లో నీళ్లు పరీక్షించి, కింద తమ లాండ్రీ షాపు పక్కనుంచి మెట్లెక్కి వచ్చేసరికి హాల్లో అత్తగారు ఊళ్లోవాళ్ల చొక్కాలతో కుస్తీ పడుతోంది. బాత్రూం తలుపు బిగించి ఉంది. దాని ముందు భర్త టవలు భుజాన వేసుకుని దిక్కులు చూస్తున్నాడు.

"జ్వరం ఎవరికి అత్తయ్యా?"

"నీ ఆడపడుచుకి."

"పొద్దున బాగానే ఉందిగా!"

"ఇప్పుడూ బాగానే ఉంది," అన్నాడు భర్త. "అమ్మ కోచ్‌కి ఫోన్ చేసి, పిల్లకి జ్వరం, రేపటి పోటీకి రాదని చెప్పింది. చెల్లి అది విని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. కళ్లద్దాల షాపులో పనిచేసి వచ్చాను, ఒళ్లంతా అద్దాల పొడి. మధ్యలో నా స్నానం పోయింది."

"నువ్వు కాసేపు నోరు మూసుకోరా," అంది తల్లి.

అతను మూసుకున్నాడు. తండ్రి రైలు గార్డు డ్యూటీలో వారం రోజులుగా లేడు. ఆయన లేనప్పుడు ఇంట్లో మాట చెల్లేది ఇస్త్రీ పెట్టె పట్టుకున్న మనిషిదే.

కోడలు తలుపు దగ్గరికి వెళ్లి మెల్లగా తట్టింది. "బుడగా, నేనే."

ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ నోటితో బుడగలు ఊదేదని అన్న పెట్టిన పేరది. పదమూడేళ్లొచ్చినా పోలేదు.

కొళాయి చుక్కలు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"వదిన్ని కూడా మీ పార్టీలోకి లాక్కోకు అమ్మా," అంది చివరికి బుడగ గొంతు. "నేను రేపు వెళ్తానంటేనే తలుపు తీస్తా."

"తియ్యకు. అక్కడే ఉండు," అంది తల్లి. చొక్కా తిప్పి రెండో చెయ్యి పరిచింది.

కోడలు సంచీ కుర్చీలో పెట్టింది. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అత్తగారి మాటకి ఎదురు మాట అనలేదు. అనే అవసరమూ రాలేదు. ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగుదామనుకుంది కానీ అది దిగలేదు.

"అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది అత్తయ్యా."

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"ఏం చెప్పమంటావ్? నిన్న అందరూ చూసిందే మళ్లీ మైకులో చెప్పమంటావా?"

"నిన్న ఏమంత జరిగిందని? ప్రాక్టీసులో ఉండగా పీరియడ్స్ వచ్చాయి. ఆడపిల్లకి రావా?"

"నువ్వు అక్కడ లేవు." అత్తగారు మొదటిసారి తలెత్తింది. "నేను గ్యాలరీలో ఉన్నాను. నీళ్లలోంచి మెట్లెక్కి వస్తోంది. కాలి వెంట కారుతోంది. దానికి తెలీదు. నవ్వుకుంటూ వస్తోంది! నా వెనక కూర్చున్నావిడ 'అయ్యో పాపం, ఎవరి పిల్లో' అంది. ఆ మాటకి నా ప్రాణం చచ్చిపోయింది. చున్నీ చుట్టి తీసుకొచ్చేశాను. నేను చేసేది ఏం పని? జనం బట్టల మీది మరకలు వదిలించడం. నా పిల్ల మరక ఊరంతా చూసింది."

బాత్రూంలో కొళాయి చప్పుడు ఆగింది. బుడగ అంతా వింటోందని ముగ్గురికీ అర్థమైంది.

అప్పుడే వీధి గుమ్మం దగ్గర బెల్లు మోగింది.

భర్త వెళ్లి తలుపు తీసి, వెనక్కి తిరిగి తల్లి వైపు కళ్లు పెద్దవి చేశాడు.

గుమ్మంలో పొట్టిగా, గట్టిగా ఉన్న ఒకావిడ, మెడలో విజిల్, చేతిలో కమలాపళ్ల సంచీ. పిల్లలు 'విజిల్ మేడమ్' అని పిలుచుకునే ఈత కోచ్.

"జ్వరం ఎంతుంది?" అంటూనే ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "పిల్ల ఏ గదిలో పడుకుంది?"

భర్త బాత్రూం వైపు చూశాడు. చూడకూడదని తెలిసి కిటికీ వైపు చూశాడు. అత్తగారు చొక్కా మీద లేని మడతను అదేపనిగా సాపు చేస్తోంది.

"కూర్చోండి మేడమ్," అంది కోడలు.

"కూర్చోడానికి రాలేదమ్మా. రిలేలో మూడో మనిషి మీ అమ్మాయే. నలుగురిలో ఒకరు లేకపోతే మిగతా ముగ్గురూ గట్టున కూర్చోవడమే. అదనంగా ఉన్న పిల్ల మణికట్టు విరగ్గొట్టుకుని కట్టు కట్టించుకుంది. జ్వరం రేపటికి తగ్గుతుందేమో చూసి..."

గడియ ఠక్కున ఊడింది. తలుపు తెరుచుకుంది. కళ్లు ఉబ్బి, జుట్టు మొహం మీద పడి బుడగ బయటికి వచ్చింది.

"నాకు జ్వరం లేదు మేడమ్. పీరియడ్స్."

భర్త బాల్కనీలోకి వెళ్లిపోయాడు. అక్కడ ఆరేసిన బట్టలు ఏవీ లేకపోయినా ఏవో తీస్తున్నట్టు నిలబడ్డాడు.

విజిల్ మేడమ్ కమలాపళ్ల సంచీ బల్ల మీద పెట్టి, బుడగ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అలవాటు కొద్దీ వేసినట్టుంది.

"ఓస్! అంతేనా?"

"మీకు అంతే," అంది తల్లి. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్ కట్టేసింది. "మీరు ఈతలో పుట్టి పెరిగారు. నేను జ్వరమని ఎందుకన్నానో మీకు తెలీదు."

"నిన్న నేనూ చూశానండీ. మీ మొహమూ చూశాను. అందుకే ఫోన్ పెట్టెయ్యగానే బయల్దేరాను." ఆవిడ గొంతులో కోపం లేదు. "నేను చిన్నప్పట్నుంచీ ఈదుతున్నాను. నెలనెలా గట్టున కూర్చుని ఉంటే ఇవాళ విజిల్ ఊదేదాన్ని కాను. ఏం చెయ్యాలో మొదటే చెప్పి ఉండాల్సిన పని నాది. పిల్లకి అప్పుడే మొదలైందని నాకు తెలీలేదు."

సంచీలోంచి రెండు వస్తువులు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. ఒకటి కవరులో మడిచి ఉన్న నల్లటి లోదుస్తు. రెండోది అరచేతిలో పట్టేంత అట్టపెట్టె.

"ఇది స్విమ్‌సూట్ లోపల వేసుకునేది. మామూలు ప్యాడ్ నీళ్లలో పనికిరాదు, పూల్ నీళ్లనే పీల్చుకుని ఉబ్బిపోతుంది. దీంట్లో పొరలుంటాయి. ఈ పెట్టెలోవి టాంపన్లు, లోపల పెట్టుకునేవి."

"లోపలా?" అత్తగారి గొంతు పెరిగింది. "చిన్నపిల్లకి?"

"పెట్టుకోమనడం లేదు. ఇలాంటివి ఉన్నాయని తెలియాలంటున్నాను. ఏది వాడాలో, అసలు ఏదీ వద్దనుకుంటుందో తన ఇష్టం." విజిల్ మేడమ్ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "పొద్దున పేర్లు ఇస్తాను. వస్తే సంతోషం. రాకపోతే టీము తప్పుకుంటుంది. దానికి పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అనరు. అది నా పూచీ."

ఆవిడ మెట్లు దిగిపోయింది.

అత్తగారు ఇస్త్రీ అయిన చొక్కాలు చేతి మీద వేసుకుంది. కోడలి పక్కనుంచి వెళ్తూ, "నీళ్లు పరీక్ష చేసేదానివి, డాక్టరువి కాదు. గుర్తుపెట్టుకో," అని షాపులోకి దిగిపోయింది.

ఆ మాట కోడలికి గట్టిగానే తగిలింది. బుడగ వదిన మొహంలోకి చూసి, "అమ్మ నిన్ను ఎప్పుడూ అలా అన్లేదు," అంది.

"నేనూ ఎప్పుడూ అలా ఎదురు చెప్పలేదులే. లెక్క సరిపోయింది." కోడలు కుర్చీ లాక్కుంది. "చెప్పు. నీకేమనిపిస్తోంది? వెళ్లాలనా, వద్దనా?"

"వెళ్లాలనే." బుడగ గోరు కొరుక్కుంది. "కానీ మళ్లీ నిన్నటిలా అయితే? పూల్ అంతా ఎర్రగా అయిపోతే? వాళ్లందరూ ఆ నీళ్లే కదా నోట్లోకి పోనిస్తారు? వాళ్లకేమైనా అయితే?"

"చూద్దాం," అంది కోడలు. లాబ్‌లో రోజంతా అనే మాట అది.

బకెట్ నిండా నీళ్లు పట్టింది. భర్త పెన్నులోంచి ఎర్ర సిరా ఒక్క చుక్క వేసింది. చుక్క కిందికి దిగుతూ దారంలా సాగింది, పొగలా విచ్చుకుంది, చెయ్యి పెట్టి కలిపేసరికి ఎక్కడుందో తెలియకుండా పోయింది.

బుడగ బకెట్లోకి వంగి చూసింది. "ఏదీ?"

"ఉంది. కనిపించదు. ఇది బకెట్. మీ పూల్‌లో ఇలాంటివి ఎన్ని బకెట్లో నువ్వే ఊహించుకో. అందులో క్రిములు చచ్చే మందు కూడా కలుపుతారు. మీ పూల్ శాంపిల్ మా లాబ్‌కే వస్తుంది. జనం అందులోకి ఏమేం వదులుతారో చెప్తే నువ్వు ఈతే మానేస్తావ్."

"ఛీ! ఏమేం?"

"చెప్పను."

బుడగకి నవ్వొచ్చింది. ఆ సాయంత్రానికి మొదటి నవ్వు. వెంటనే అట్టపెట్టె అందుకుంది. ఒకటి విప్పి, పొట్టిగా గట్టిగా ఉన్న దూది చుట్టను దారం పట్టుకుని ఊపింది. "ఇంతేనా? ఇది ఎంత పీలుస్తుంది?"

గ్లాసులో నీళ్లు పోసి వేశారు. ఇద్దరూ గడ్డాలు బల్లకి ఆనించి చూశారు. అది నెమ్మదిగా పక్కలకి విచ్చుకుంది, ఉబ్బింది, గ్లాసులో నీళ్ల మట్టం దిగింది.

"బాబోయ్! తెల్ల ఎలకలా ఉంది!" అంది బుడగ. "తోక కూడా ఉంది."

"ఆ తోక బయట ఉంటుంది, తియ్యడానికి. పెట్టెలో ఉన్న కాగితంలో గంటల తరబడి ఉంచుకోకూడదని, ఈత అవగానే మార్చెయ్యమని ఉంది."

"లోపల ఎక్కడికైనా వెళ్లిపోతే?"

"వెళ్లడానికి దారి లేదట. పైన మూసుకునే ఉంటుంది."

బుడగ తడిసిన దాన్ని వేలితో పొడిచింది, నొక్కింది, ఆలోచించింది. "నాకిది ఇవాళ వద్దు వదినా. భయమని కాదు... కొంచెం భయమే. పెద్దయ్యాక చూస్తా."

"సరే. వద్దంటే వద్దు."

"ఇంకోటి. నీళ్లలో ఉన్నప్పుడు ఆగిపోతుందా? మా క్లాసులో ఒకమ్మాయి, ఆగిపోతుంది, ఏం పెట్టుకోనక్కర్లేదంది. నిన్న నాకు నీళ్లలో ఏమీ తెలీలేదు. మరి మెట్ల మీద అంత ఎందుకొచ్చింది?"

కోడలు తల అడ్డంగా ఊపింది. "నాకు తెలీదు. నేను మోకాళ్ల లోతు దాటి ఎప్పుడూ దిగలేదు."

"నువ్వా? రోజూ నీళ్లతో ఉంటావుగా!"

"సీసాలో నీళ్లతో."

ఫోన్ చేశారు. ఇంకా బస్సులోనే ఉన్న విజిల్ మేడమ్ గొంతు, హారన్ల మధ్య గట్టిగా వినిపించింది. "ఆగదమ్మా! చుట్టూ నీళ్లు నొక్కుతుంటాయి కదా, అందుకని బయటికి రావడం తగ్గుతుంది. దగ్గినా తుమ్మినా రావచ్చు. పైకి రాగానే ఆ నొక్కుడు పోతుంది, మళ్లీ మామూలే."

"అందుకేనా మెట్ల మీద!" బుడగ కుర్చీలోంచి లేచి నిలబడింది. "వదినా, నిన్నంతా నేనేదో తప్పు చేశాననుకున్నాను. మిగతావాళ్లకి కానిది నాకే అయిందేమిటా అని. నీళ్లు నొక్కడం మానేశాయంతే!"

"గట్టెక్కగానే టవలు అందించే మనిషి ఒకరుండాలి, ముదురు రంగు టవలు," అంటోంది ఫోన్. "వేసుకునేది ఒంటికి బిగుతుగా ఉండాలి. వదులైతే లాభం లేదు. పోటీకి ముందే వేసుకోవాలి, పొద్దున్నించీ కాదు."

ఫోన్ పెట్టేశాక తలుపు దగ్గర అలికిడైంది. అత్తగారు ఖాళీ హ్యాంగర్ల గుత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

ఆవిడ గ్లాసులోని తెల్ల ఎలకను చూసింది. మొహం చిట్లించింది. తర్వాత కవరులో ఉన్న నల్ల బట్ట వైపు చూపించింది.

"అది ఇలా తే."

వేళ్లతో పొరలు విడదీసింది. లోపలికి తిప్పింది. అంచు సాగదీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని కొత్త బట్ట వాసన చూసింది.

"పైన నైలాను. మధ్యలో ఏదో దూది లాంటిది. ఈ నున్నటి పొర ఏమిటో నాకు తెలీడం లేదు." అత్తగారికి తెలియని బట్ట ఉండటం ఆ ఇంట్లో పెద్ద విశేషం. "ఇది ఆపుతుందా?"

"చూద్దామా?" అంది కోడలు. ఈసారి గొంతు తగ్గించి అంది.

ముగ్గురూ షాపులోకి దిగారు. హ్యాంగర్లకి వేలాడుతున్న కోట్ల కింద, తెల్లటి బల్ల మీద బట్ట పరిచారు. కోడలు నీళ్లలో సిరా కలపబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"రక్తం నీళ్లలా పల్చగా ఉంటుందా? నీ లాబ్‌లో ఇదేనా నేర్పేది?" గంజి డబ్బా దించి, గరిటెడు గంజిలో ఎర్ర సిరా పోసి కలిపింది. చిక్కదనం చెంచాతో ఎత్తి చూసి ఇంకొంచెం నీళ్లు చేర్చింది. "ఇదీ."

చెంచాతో పోసింది. బట్ట పీల్చుకుంది. ఇంకో చెంచా పోసింది. కింద తెల్ల రుమాలు పెట్టి అరచేత్తో నొక్కింది. రుమాలు తీస్తే మధ్యలో తెల్లగానే ఉంది. కాలి అంచు పడినచోట మాత్రం సన్నటి ఎర్ర గీత.

"అదిగో!" అంది బుడగ. "కారుతుంది."

అత్తగారు అంచులోకి రెండు వేళ్లు దూర్చింది. "బట్ట మంచిదే. ఎలాస్టిక్ వదులు. ఇది నీకంటే పెద్ద పిల్లకి కుట్టింది. నీ కాళ్లు చూడు, అగ్గిపుల్లలు."

బట్టను చన్నీళ్ల కింద పట్టి మరక పోయేదాకా పిండింది. ఆరబెట్టే యంత్రంలో వేసింది. బొత్తాలూ అంచులూ కుట్టడానికి మూల పెట్టుకున్న మిషను మీది గుడ్డ తీసింది. టేపు తీసి బుడగ కాలి చుట్టూ కొలిచింది.

"అమ్మా, అంటే రేపు..."

"నేను పంపిస్తానన్నానా? బట్ట వదులుగా ఉంది, కుడుతున్నాను. అంతే."

కోడలూ ఆడపడుచూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. చూసుకుంటే నవ్వొస్తుంది. నవ్వితే మిషను ఆగిపోతుంది.

"అత్తయ్యా, దారం అందించనా?" అంది కోడలు.

"నలుపు. బయటి గూట్లో," అంది అత్తగారు. కాసేపు మిషను తొక్కి, తల వంచుకునే మళ్లీ అంది: "ఇందాక డాక్టరువి కాదన్నాను. కాకపోయినా పర్లేదు."

మర్నాడు పొద్దున బస్సులో బుడగ కిటికీ పక్కన, తల్లి మధ్యలో, వదిన చివర. తల్లి ఒళ్లో ముదురు నీలం టవలు, షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది. "పంపిస్తాను" అన్న మాట ఆవిడ నోటి నుంచి చివరిదాకా రాలేదు. పొద్దున్నే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "ఇంకా తెమల్లేదా?" అని మాత్రం అంది.

పూల్ దగ్గర ఆవిడ గ్యాలరీ ఎక్కలేదు. గట్టున, మెట్ల పక్కనే నిలబడింది. వాచ్‌మన్ పైకి వెళ్లమంటే, "టవలు పట్టుకునే మనిషిని," అంది. అలాంటి ఉద్యోగం ఉందో లేదో తెలియక అతను ఊరుకున్నాడు.

మొదటి ఇద్దరు పిల్లలూ ఈదడం తల్లి చూడనే లేదు. గట్టున వంగి నిలబడ్డ బుడగ మోకాళ్లనే చూస్తోంది. పక్కన కోడలు పెదవి కొరుక్కుంటోంది.

రెండో పిల్ల గోడ తాకింది. బుడగ దూకింది.

నీళ్లు విరిగి కలిశాయి. నీలంగా, కింద పలకలు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఆ నీలంలో నల్లటి చిన్న ఆకారం చేతులు విసురుకుంటూ వెళ్తోంది, దాని వెనక తెల్లటి బుడగలు. ఈ పిల్ల నీళ్లలో ఎలా ఉంటుందో తను ఇంతవరకూ సరిగ్గా చూడలేదని తల్లికి తట్టింది. గ్యాలరీలో కూర్చున్నన్నాళ్లూ చుట్టుపక్కల వాళ్లనే చూసింది.

"ఊపిరి! ఊపిరి అంతా ఒకేసారి వదలకు!" అని అరుస్తోంది విజిల్ మేడమ్.

"వదలకే!" అని తల్లి కూడా అరిచింది. దేన్ని వదలకూడదో ఆవిడకి తెలియదు.

బుడగ గోడ తాకింది. ఆమె తల మీదుగా నాలుగో అమ్మాయి, టీములో పెద్దది, పదహారేళ్ల పొడుగమ్మాయి, బాణంలా దూకింది. రెండో స్థానంలో వచ్చారు. ఫైనల్‌కి చేరారు.

బుడగ మెట్లెక్కుతుండగా తల్లి నీలం టవలు నడుము నుంచి పాదాల దాకా చుట్టేసింది. చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. చూసేవాళ్ల కళ్లన్నీ ఇంకా నీళ్ల మీదే ఉన్నాయి.

"అమ్మా," రొప్పుతూ చెవిలో అంది బుడగ, "నీళ్లలోకి వెళ్లాక నేను ఆ సంగతే మర్చిపోయాను!"

బుడగ ఒళ్లు తుడుచుకున్నాక తల్లి టవలు మడత పెడుతూ ఒకచోట వేలితో తడిమింది. నీలం మీద నలుసంత ముదురు మచ్చ. మరకల మీద బతికే మనిషి కాబట్టి ఆవిడకి కనిపించింది. మచ్చ లోపలికి వచ్చేలా మడిచి సంచీలో పెట్టుకుంది.

ఫైనల్‌కి ఇంకా కాస్త వ్యవధి ఉంది. బుడగ కమలాపండు వలుచుకుంటూ ఉండగా రిలే పిల్లల్లో ఒకతి పరిగెత్తుకొచ్చింది.

"పొడుగక్క బాత్రూంలోంచి రావడం లేదు! పిలిస్తే పలకడం లేదు!"

విజిల్ మేడమ్ అవతలి గట్టున అధికారులతో మాట్లాడుతోంది. కోడలు ఆవిడ కోసం అటు పరిగెత్తింది. తల్లి బట్టలు మార్చుకునే గదిలోకి నడిచింది. బుడగ వెనకే వచ్చింది. చివరి తలుపు మూసి ఉంది. కింద సందులోంచి తడి పాదాలు కనిపిస్తున్నాయి.

"ఏమ్మా, బుడగ వాళ్లమ్మని. దెబ్బ తగిలిందా?"

లోపల్నుంచి ఏడ్చి ఆపుకున్న గొంతు. "నాకు ఇప్పుడే వచ్చాయి ఆంటీ. నా దగ్గరేం లేవు."

తల్లి తన కూతురి వైపు చూసింది. కుట్టింది ఒక్కటే. అది ఈ పిల్ల ఒంటి మీద ఉంది, తడిసి ఉంది, పొడుగమ్మాయికి పట్టదు కూడా.

"అట్టపెట్టె వదిన సంచీలో ఉంది," అని గుసగుసగా అంది బుడగ. తల్లి ఏదో అనేలోపే వెళ్లి తెచ్చి చేతిలో పెట్టింది.

"టాంపన్లు ఉన్నాయమ్మా," అంది తల్లి తలుపుతో. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. "నీకు అలవాటు లేకపోతే వద్దు. పోటీ పోతే పోయింది."

"అలవాటే ఆంటీ. మా అక్కవి వాడాను. ఇవ్వండి." గొంతు ఒక్క క్షణం ఆగింది. "మా అమ్మకి మాత్రం చెప్పకండి. ఇవి వాడుతున్నానని అమ్మకి తెలిస్తే ఇవాళ్టితో ఈత ఆఖరు. అక్కని అలాగే మాన్పించేసింది."

తల్లి పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బయట మైకు ఫైనల్ టీముల్ని పిలుస్తోంది. ఆ పిలుపు మధ్యలోంచి చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. గది గుమ్మంలో ఒకావిడ ప్రత్యక్షమైంది. కూతురిలాగే పొడుగు. గ్యాలరీ మెట్లన్నీ ఒక్క ఊపున దిగినట్టు ఆయాసపడుతోంది. ఆవిడ నోరు విప్పగానే తల్లికి మొన్న తన వెనక వరసలోంచి వచ్చిన 'అయ్యో పాపం' అన్న గొంతు అదేనని తెలిసిపోయింది.

"మా అమ్మాయి లోపలుందా? ఏమైంది దానికి?" ఆవిడ చూపు కిందికి దిగింది. "మీ చేతిలో అదేమిటి?"

తలుపు కింద తడి పాదాలు ఒక అడుగు వెనక్కి జరిగాయి.

పెట్టెను వెనక్కి దాచెయ్యాలని తల్లి వేళ్లు ఒకసారి కదిలాయి. కానీ చెయ్యి ఉన్నచోటే ఉంది.

"మీ అమ్మాయి లోపలే ఉంది. మీరూ లోపలికి వెళ్లకండి," అంది. తలుపుకి అడ్డంగా నిలబడింది. "ముందు నా మాట వినండి. కూర్చుని వినేంత టైము లేదు. నిలబడే వినండి."

ఆ పొడుగావిడ వినడానికి ఆగలేదు. ఒక్క అడుగు ముందుకు వేసి, అట్టపెట్టె మీద చెయ్యి వేసింది. తల్లి వదల్లేదు; ఇద్దరి చేతుల మధ్యనుంచే బుడగ ఒకటి లాగి, తలుపు కింది సందులోంచి లోపలికి జరిపింది.